హైదరాబాద్ వంటింటికి చిమ్నీ: గోడ చూడటం నుంచి అగరుబత్తి పరీక్ష దాకా

పొయ్యికి పైన ఉన్న అల్మారా అంచు మీద ఒకసారి వేలు పెట్టి గీసి చూడండి. పసుపచ్చని జిడ్డు అంటుకుంటుంది. అందులో సన్నటి దుమ్ము కలిసి బంకలా సాగుతుంది. సబ్బుతో కడిగినా ఒక పట్టాన వదలదు. రోజూ పెట్టే పోపుల్లోంచి, వేపుళ్లలోంచి గాల్లోకి లేచిన నూనె అది. అల్మారాకి అంటుకున్నది కంటికి కనబడుతోంది. వంట చేసే మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది కనబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగను 2ఏ వర్గంలో పెట్టింది. అంటే మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితా. దానికి తోడు గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్నవాళ్లను ఇబ్బంది పెడుతుంది. అందుకే నా లెక్కలో ఖరీదైన అల్మారాల కన్నా చిమ్నీ ముందు రావాలి.

నిజాంపేటలో ఫ్లాట్‌లోకి దిగిన కొత్తలో మేమూ ఒకటి పెట్టించాం. ఎంత గాలి లాగుతుందో చెప్పే అంకె డబ్బా మీద 1200 అని పెద్దగా ఉంటే అది చూసే కొన్నాం. రెండు నెలలు గడిచాయో లేదో, అమ్మ గోంగూర పచ్చడికి ఎండుమిర్చి వేయిస్తుంటే హాల్లో కూర్చున్నవాళ్లందరం దగ్గడం మొదలుపెట్టాం. చిమ్నీ ఫుల్ స్పీడులో హోరుమంటోంది, ఘాటు మాత్రం ఇల్లంతా తిరుగుతోంది. పై అల్మారా తలుపు తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. చిమ్నీ మూతి 6 ఇంచులు ఉంటే, దానికి వెడల్పు తగ్గించే రెడ్యూసర్ ముక్క పెట్టి 4 ఇంచుల పైపు తగిలించారు. ఆ పైపు రెండు చోట్ల మెలిక తిరిగి, మధ్యలో ఉయ్యాలలా వేలాడుతోంది. వేలాడిన చోట నొక్కితే మెత్తగా తగిలింది. ఊడదీస్తే టీ కప్పుడు నల్లటి నూనె కారింది. బిగించినతను ఆ రోజు వెళుతూ, "పైపు లోపల్నే ఉంటది కదా మేడం, ఎవరికీ కనబడది" అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

మిషన్‌లో ఏ లోపమూ లేదు. పొగ బయటికి పోయే దారే సరిగ్గా లేదు. అప్పటినుంచి ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతున్నాను: ముందు దారి చూసుకోండి, తర్వాత చిమ్నీ కొనండి. ఇక్కడా అదే వరసలో చెబుతాను.

షాపుకి వెళ్లే ముందు గోడ దగ్గర నిలబడండి

మన ఇళ్లలో పొయ్యి ఎక్కడ ఉంటుందో వాస్తు ముందే తేల్చేస్తుంది. ఆగ్నేయం మూల, వండేవాళ్లు తూర్పుకి తిరిగి నిలబడేలా. కాబట్టి చాలా ఇళ్లలో చిమ్నీ తూర్పు గోడకే వస్తుంది. ఆ గోడకి అవతల ఏముందో చూడటం మొదటి పని. నాలుగు రకాలుగా ఉండొచ్చు.

అవతల ఖాళీ జాగా ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. పైపు అడుగు, అడుగున్నరలో బయటపడుతుంది. అవతల వాష్ ఏరియా ఉంటే పైపును అక్కడితో ఆపేయకండి. అక్కడ వదిలిన పొగ తలుపులోంచి తిరిగి వంటింట్లోకే వస్తుంది, ఆరేసిన బట్టలకు పోపు వాసన పడుతుంది. వాష్ ఏరియా పైకప్పు కిందుగా పైపును బయటి అంచు దాకా తీసుకెళ్లాలి. అవతల లిఫ్ట్ ముందు ఉండే కారిడార్ అయితే అటు రంధ్రం పెట్టే ఆలోచనే వద్దు. పక్కనున్న దక్షిణపు గోడ బయటికి ఉందేమో చూడండి.

నాలుగోది గాలి కోసం వదిలిన షాఫ్ట్. పాత అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. చుట్టూ నాలుగు ఇళ్ల బాత్రూం కిటికీలు, వంటింటి కిటికీలు దాంట్లోకే తెరుచుకుంటాయి. మీ చేపల వేపుడు వాసన నేరుగా పైఇంటివాళ్ల కిటికీలోకి వెళుతుంది. వేరే దారి లేకపోతే పైవాళ్లతో ముందే మాట్లాడి, వాళ్ల కిటికీకి ఎదురుగా కాకుండా పైపు మూతిని పక్కకి తిప్పించండి. నలుగురు కలిసి ఉండే చోట ఈ ఒక్క మాట ముందు మాట్లాడుకుంటే తర్వాత అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవ రాదు.

గోడ దేంతో కట్టారన్నది రెండో విషయం. ఎర్ర ఇటుక, సిమెంటు ఇటుక అయితే కోర్ కటింగ్ మిషన్‌తో గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం పడుతుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు వచ్చిన ఎత్తైన టవర్లలో చాలావరకు అందరూ మైవాన్ అని పిలిచే అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టినవి. వాటిలో గోడలే భవనం బరువు మోస్తాయి, లోపల ఇనుప చువ్వలు ఉంటాయి. అక్కడ మనకు నచ్చిన చోట కోయకూడదు. చాలా చోట్ల బిల్డరే వంటింటి గోడలో పైపు కోసం రంధ్రం వదిలి, పైన మూత వేసి ఉంచుతాడు. అదెక్కడుందో మెయింటెనెన్స్ ఆఫీసులో అడిగి, ఎన్ని ఇంచులుందో టేపుతో మీరే కొలవండి. ఎక్కడ కోయాలన్నా వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బీమ్‌లు, పిల్లర్ల జోలికి ఏ ఇంట్లోనూ వెళ్లొద్దు.

మూడోది సజ్జ. పొయ్యి పైన 7 అడుగుల ఎత్తులో సిమెంటు సజ్జ ఉన్న ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. చిమ్నీ కొని తెచ్చాక అది సజ్జకి, పొయ్యికి మధ్య పట్టక ఇబ్బంది పడేది ఇక్కడే. దీని లెక్క కింద చెబుతాను.

అద్దె ఇల్లు అయితే గోడ కొట్టడానికి ఓనర్ ఒప్పుకోకపోవచ్చు. కిటికీ పైభాగంలో ఒక అద్దం పలక తీయించి, దాని స్థానంలో 6 ఇంచుల రంధ్రం ఉన్న యాక్రిలిక్ షీటు పెట్టించండి. పైపు అందులోంచి పోతుంది. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ అద్దం బిగిస్తే సరిపోతుంది. పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం ఉన్నా ఇదే పద్ధతి.

పైపు లేకుండా బొగ్గు ఫిల్టర్‌తో పనిచేసే చిమ్నీలు కూడా అమ్ముతారు. అవి వాసనను కొంత తగ్గించి అదే గాలిని తిరిగి ఇంట్లోకి వదులుతాయి. వేడి, ఆవిరి, గ్యాస్ మంట నుంచి వచ్చే వాయువులు ఎక్కడికీ పోవు. బొగ్గు ఫిల్టర్‌ను కొన్ని నెలలకొకసారి మారుస్తూ ఉండాలి. రోజూ పోపు పెట్టే ఇంటికి వీటిని నేను సిఫారసు చేయను. అంతకన్నా కిటికీలో ఒక మంచి 12 ఇంచుల ఎగ్జాస్ట్ ఫ్యాన్ నయం.

కొలతలు: ఒక కాగితం, ఒక టేపు

పొయ్యి వెడల్పు కొలవండి. మంట మీద లేచిన పొగ నిటారుగా పోదు, పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. అందుకే చిమ్నీ పొయ్యి కన్నా చిన్నది కాకూడదు. 2 బర్నర్లకు 60 సెంటీమీటర్లది చాలు. 3 బర్నర్ల గాజు పొయ్యిలు చాలావరకు 70 సెంటీమీటర్లు దాటుతాయి, వాటికి 60 పెడితే పక్క బర్నర్ల పొగ అంచుల నుంచి తప్పించుకుంటుంది. జాగా ఉంటే 75 గానీ 90 గానీ తీసుకోండి. 4 బర్నర్లకు 90 తప్ప వేరే మాట లేదు.

ఇక ఎత్తు. చాలా కంపెనీల మాన్యువల్స్ గ్యాస్ పొయ్యి పైనుంచి చిమ్నీ అడుగుకి 65 నుంచి 75 సెంటీమీటర్లు, అంటే దాదాపు 26 నుంచి 30 ఇంచులు ఉండాలంటాయి. మీ మోడల్ మాన్యువల్‌లో ఎంత రాస్తే అదే ఖాయం. అంతకన్నా కిందికి దించితే మంట వేడికి భాగాలు పాడవుతాయి, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. పైకి పెంచితే పొగ మధ్యలోనే చెదిరిపోతుంది.

మా ఇంటి లెక్క చెబుతాను, మీ అంకెలు పెట్టుకుని చూసుకోండి. గ్రానైట్ గట్టు నేల నుంచి 34 ఇంచులు. దాని మీద పొయ్యి 5 ఇంచులు. మధ్యలో వదిలింది 28. మొత్తం 67 ఇంచులు, అంటే 5 అడుగుల 7 ఇంచుల దగ్గర చిమ్నీ అడుగు వస్తుంది. అమ్మకి తల తగలదు. తమ్ముడు 6 అడుగులు, వంగి మూకుట్లోకి చూస్తే నుదురు అంచుకి తగిలేది. ఇంట్లో పొడుగు మనుషులు వండుతుంటే ఏటవాలుగా ఉండే చిమ్నీ సుఖం.

సజ్జ 7 అడుగుల దగ్గర ఉందనుకుందాం, అంటే 84 ఇంచులు. 67 పోతే మిగిలింది 17 ఇంచులే. చిమ్నీ ఎత్తు, దాని పైనుంచి పైపు వంపు, అన్నీ ఈ 17లోనే ఇమడాలి. కాబట్టి మోడల్ చూసేటప్పుడు పైన కవర్ లేకుండా మిషన్ ఒక్కదాని ఎత్తు ఎంత, పైపు మూతి పైకి ఉందా వెనక్కి ఉందా అని అడగండి. జాగా చాలకపోతే సజ్జకి రంధ్రం కొట్టించే బదులు తక్కువ ఎత్తు మోడల్ వెతకండి. పొయ్యిని సజ్జ కింది నుంచి పక్కకి జరపగలిగితే ఇంకా మంచిది.

ఎంత లాగాలి

డబ్బా మీద కనిపించే 1000, 1200, 1500 అన్న అంకెలు గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలిని లాగగలదో చెబుతాయి. 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు 800 ఘనపు అడుగులు, అంటే దాదాపు 23 ఘనపు మీటర్లు. గంటకి 15 సార్లు గాలి మారాలనుకున్నా 340 దగ్గరే లెక్క ఆగిపోతుంది. మరి 1000 దేనికి? కంపెనీ చెప్పే అంకె పైపు అడ్డు పెద్దగా లేకుండా, గరిష్ఠ వేగంలో వచ్చేది. పైపు తగిలించాక, వంపు తిరిగాక, ఫిల్టర్ మీద జిడ్డు పట్టాక అది బాగా పడిపోతుంది. పైగా మన పోపు పొగ ఒక్కసారిగా, గుప్పున లేస్తుంది. అది పక్కకి పాకేలోపే పట్టుకోవాలి.

నా అనుభవంలో రోజూ పోపు, వారానికి రెండు మూడు సార్లు వేపుడు చేసే మామూలు వంటింటికి 1000 నుంచి 1200 సరిపోతుంది. హాల్లోకి తెరుచుకుని ఉండే ఓపెన్ కిచెన్‌కి ఇంకొంచెం ఎక్కువ తీసుకోండి. దారి బాగాలేని చోట 1500 పెట్టినా చప్పుడు పెరుగుతుంది, పొగ పోదు. 6 ఇంచుల పైపు మూతి వైశాల్యం 28 చదరపు ఇంచులు. 4 ఇంచులది పన్నెండున్నర. సగం కన్నా తక్కువ. మా మొదటి చిమ్నీ కథ మొత్తం ఈ రెండు అంకెల్లో ఉంది.

ఫిల్టర్ సంగతి

మెష్ ఫిల్టర్ అంటే పొరలు పొరలుగా పేర్చిన సన్నటి అల్యూమినియం జల్లెడ. చౌక. కానీ మన నూనెకి త్వరగా మూసుకుపోతుంది, వారం వారం కడగాలి. తెలుగు వంటకి వద్దు.

బాఫిల్ ఫిల్టర్‌లో వంపు తిరిగిన స్టీలు పట్టీలు ఉంటాయి. పొగ వాటి మధ్య నుంచి మలుపులు తిరుగుతూ పోవాలి. గాలి తేలిక కాబట్టి మలుపు తిరుగుతుంది, నూనె బొట్లు బరువు కాబట్టి తిరగలేక పట్టీకి కొట్టుకుని కిందికి జారతాయి. మూసుకుపోవడం తక్కువ, కడగడం తేలిక, ఏళ్ల తరబడి ఉంటుంది.

ఫిల్టర్‌లెస్‌లో అడ్డు ఏమీ ఉండదు. లోపల చక్రం వేగంగా తిరిగి నూనెను చుట్టూ గోడలకి విసిరేస్తుంది, అది జారి కింద చిన్న కప్పులో చేరుతుంది. వీటిలో చాలావాటికి ఆటోక్లీన్ ఉంటుంది. బటన్ నొక్కితే లోపలి హీటర్ వేడెక్కి పేరుకున్న జిడ్డును కరిగిస్తుంది. పెద్దవాళ్లే వండుకునే ఇంట్లో, వారాంతంలో ఫిల్టర్లు కడిగే ఓపిక లేనివాళ్లకి ఇది నిజంగా ఉపయోగం. అయితే ఆటోక్లీన్ పైపు లోపలి జిడ్డుని ముట్టుకోదు. ఏడాదికోసారి మనిషిని పిలిచి విప్పించక తప్పదు.

నన్ను ఒకటి తేల్చమంటే, కడగగలిగేవాళ్లకి బాఫిల్ అంటాను. లేనివాళ్లకి ఫిల్టర్‌లెస్ ఆటోక్లీన్.

ఆకారం గురించి ఒక్క మాట. కిందివైపు లోతుగా, బోర్లించిన గిన్నెలా ఉండేవి పొగను కాసేపు పట్టి ఉంచి లాగుతాయి. ఏటవాలు గాజువి చూడ్డానికి బాగుంటాయి, తలకి తగలవు, ముందు బర్నర్ పొగను మాత్రం కొంత వదిలేస్తాయి. చేతి సైగలు, టచ్ బటన్లు మీ ఇష్టం. చప్పుడు మాత్రం షాపులో ఆన్ చేయించి వినండి. మధ్య వేగంలో పక్క మనిషితో మామూలు గొంతుతో మాట్లాడగలగాలి. కరెంటు బిల్లు టెన్షన్ అక్కర్లేదు. 200 వాట్ల మోటారు రోజుకి 2 గంటలు తిరిగితే నెలకి 12 యూనిట్లు.

డబ్బు కట్టే ముందు

బిగింపు ఉచితం అంటే చాలాసార్లు గోడకి తగిలించడం వరకే. పైపు, బయటి మూత, కోర్ కటింగ్, వంపులు వేరు. అవన్నీ బిల్లు మీద రాయించండి. 6 ఇంచుల పైపే వేస్తామని, రెడ్యూసర్ పెట్టమని కూడా రాయించండి. మోటారుకి ఎన్నేళ్లు, మిగతా భాగాలకి ఎన్నేళ్లు వారంటీ అని విడివిడిగా అడగండి. రెండూ ఒకటి కావు. కంపెనీ మనిషి బిగిస్తేనే వారంటీ వర్తిస్తుందా అన్నది కూడా తేల్చుకోండి.

పైపు నేను విడిగానే కొన్నాను. రాణిగంజ్, ట్రూప్ బజార్ లాంటి చోట్ల మందం చేత్తో పట్టి చూసి తీసుకోవచ్చు. పీవీసీ లోపల నున్నగా ఉంటుంది, కానీ వేడికి మెత్తబడుతుంది, జిడ్డుకి నిప్పంటుకుంటే అదీ కాలుతుంది. అల్యూమినియం ముడతల పైపు వంచడం తేలిక, ముడతల్లో నూనె నిలుస్తుంది. నా ఎంపిక గట్టి జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప రేకుది. రెండు చివర్లా తగిలించడానికి మాత్రం కొద్దిగా అల్యూమినియం ముడతల పైపు, అదీ మందంగా ఉన్నది.

బిగించే రోజు

మిస్త్రీ రాకముందే గట్టు ఖాళీ చేసి, పొయ్యి మీద పాత దుప్పటి పరచండి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. ఇంటికి భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉంటే వాల్వు మూసి, ఆ పైపు గోడ మీద ఎటు పోతుందో మిస్త్రీకి చూపించండి. గోడలో కరెంటు వైర్లు ఎటు పోయాయో స్విచ్ బోర్డుల వరస బట్టి గుర్తులు పెట్టండి.

మొదట గుర్తులు. పొయ్యి మధ్య నుంచి గోడ మీద నిలువు గీత. చిమ్నీ మధ్యభాగం దీనికి సరిగ్గా రావాలి, అల్మారాల మధ్యకి కాదు. తర్వాత చిమ్నీ అడుగు ఎక్కడ వస్తుందో అడ్డగీత. ఈ దశలో వంట చేసే మనిషిని పిలిచి అక్కడ నిలబెట్టండి. అట్టముక్క ఒకటి ఆ ఎత్తులో పట్టుకుంటే తలకి తగులుతుందో లేదో తెలిసిపోతుంది. ఈ రెండు నిమిషాల పని తర్వాత పదేళ్లు పనికొస్తుంది.

రెండోది రంధ్రం. 6 ఇంచుల పైపుకి అర ఇంచు ఎక్కువ ఉండేలా కోయించండి. బయటి వైపుకి కొంచెం వాలు ఉండాలి, అప్పుడే వాన నీళ్లు లోపలికి రావు, పైపులో చేరిన తేమ బయటికే జారుతుంది. కోర్ కటింగ్‌కి నీళ్లు పోస్తారు, బురద కారుతుంది. గోడకి కింద ప్లాస్టిక్ కవర్ అంటించి బకెట్‌లోకి మళ్లించండి. బయట కింద ఎవరూ నిలబడకుండా వాచ్‌మన్‌కి ముందే చెప్పాలి. పై అంతస్తులో కోసేటప్పుడు గోడ ముక్క కింద పడితే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది కరెంటు. ఎర్త్ ఉన్న 6 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్ చిమ్నీకి పక్కగా, పైవైపు ఉండాలి. మిషన్ వెనక దాక్కుంటే రేపు ప్లగ్ తీయలేం. పొయ్యికి సరిగ్గా పైనా వద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడిపించడం అసలే వద్దు.

నాలుగోది వేలాడదీయడం. టైల్ మీద డ్రిల్ చేసేటప్పుడు మొదట సుత్తి మోడ్ ఆపేసి నెమ్మదిగా టైల్ దాటాలి, తర్వాతే గోడలోకి సుత్తి మోడ్. లేకపోతే టైల్ పగులుతుంది. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడ అయితే మామూలు చిన్న ప్లగ్గులు పట్టవు, దానికోసం చేసిన పొడవాటి యాంకర్లు వాడాలి. బ్రాకెట్ మీద లెవెల్ గొట్టం పెట్టి బుడగ మధ్యలో నిలిచిందో లేదో మీరే చూడండి. వంగి ఉంటే నూనె కప్పులోకి రాదు, ఒక మూల నుంచి కూరలోకి కారుతుంది.

ఐదోది పైపు, నేను పక్కనే నిలబడి చూడమనేది ఇక్కడే. చిమ్నీ మూతి దగ్గర గాలి వెనక్కి రాకుండా ఆపే రెండు పల్చటి రెక్కలుంటాయి. పైపుని స్క్రూలతో బిగించేటప్పుడు స్క్రూ మొన ఆ రెక్కకి అడ్డం పడితే అది సగమే తెరుచుకుంటుంది. బిగించాక వేలితో తోసి చూడండి, రెండూ పూర్తిగా తెరుచుకుని వాటంతటవే మూసుకోవాలి. సజ్జ అడ్డం లేకపోతే మూతి నుంచి పైపు కనీసం అడుగు దూరం నేరుగా పైకి పోయి, ఆ తర్వాతే తిరగాలి. ఒక్కసారిగా 90 డిగ్రీలు తిప్పే బదులు 45 డిగ్రీల వంపులు రెండు పెడితే గాలి సాఫీగా పోతుంది. మొత్తం పొడవు 3 మీటర్లు దాటకుండా, మలుపులు రెండుకి మించకుండా చూసుకోండి. ముడతల పైపు ఎంత సాగితే అంత లాగి, మిగిలింది కోసేయాలి. మధ్యలో ఎక్కడా వేలాడకుండా క్లాంపులు వేయాలి. అతుకుల మీద అల్యూమినియం ఫాయిల్ టేపు చుట్టి, ఇనుప క్లిప్పు బిగించాలి. మామూలు ప్లాస్టిక్ టేపు వేడికి ఊడిపోతుంది.

పైపు అల్మారాలోంచి పోతుంటే కార్పెంటర్‌తో చెప్పి అక్కడ తీసి పెట్టుకునే పలక పెట్టించండి. మూసేసి లామినేట్ అంటించేస్తే మళ్లీ చూడలేం.

చివరగా బయటి మూత. మన ఊళ్లో పావురాల సంగతి తెలిసిందే. తెరిచి ఉన్న పైపు కనబడితే వారంలో గూడు కట్టేస్తాయి. రెక్కలు తెరుచుకుని మూసుకునే మూత గానీ, వెడల్పు కన్నాల జాలీ ఉన్న మూత గానీ పెట్టించండి. దోమతెర లాంటి సన్న జాలీ వద్దు, రెండు నెలల్లో జిడ్డుతో మూసుకుపోతుంది. నైరుతి వానలు పడమటి గాలితో కొడతాయి కాబట్టి పైపు పడమర వైపు తెరుచుకుంటే మూతిని కిందికి వంచాలి. చుట్టూ సందుల్ని సిలికాన్‌తో గానీ సిమెంటుతో గానీ పూడ్చాలి.

మిస్త్రీ వెళ్లకముందే అగరుబత్తి వెలిగించండి

దేవుడి గదిలోంచి ఒక అగరుబత్తి తెచ్చి వెలిగించి, చిమ్నీని మధ్య వేగంలో పెట్టండి. వెనక బర్నర్ దగ్గర, ముందు బర్నర్ దగ్గర, పొయ్యి నాలుగు అంచుల దగ్గర పట్టుకుని చూడండి. పొగ దారంలా వంగి చిమ్నీలోకి పోవాలి. ముందు అంచు దగ్గర నిటారుగా లేచి మీ మొహం వైపు వస్తుంటే ఎత్తు గానీ, పైపు గానీ ఎక్కడో తేడా ఉంది. తర్వాత అతుకుల చుట్టూ తిప్పండి, ఎక్కడైనా పొగ అటూ ఇటూ చెదిరితే అక్కడ గాలి కారుతోంది. ఒకరిని బయటికి పంపి మూత రెక్కలు తెరుచుకున్నాయో లేదో చూడమనండి.

ఇదే పరీక్ష కిటికీ, తలుపు అన్నీ మూసి ఒకసారి, హాలు వైపు తలుపు తెరిచి ఒకసారి చేయండి. తేడా కంటికి కనబడుతుంది. బయటికి ఎంత గాలి పోతే అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే చిమ్నీ లాగలేదు. దూరంగా ఉన్న తలుపో కిటికీయో కొద్దిగా తెరిచి ఉంచండి. పొయ్యి పక్కనే ఉన్న కిటికీ మాత్రం మూసేయండి, ఆ గాలి పొగను పక్కకి కొడుతుంది. వండేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపాలి.

ప్రాణం సంగతి కాబట్టి గట్టిగా చెప్పేవి మూడు

వాష్ ఏరియాలో గ్యాస్ గీజర్ ఉందా? తలుపులన్నీ మూసి చిమ్నీ ఫుల్ స్పీడులో నడిపితే, అది గీజర్ వదిలే వాయువులను వెనక్కి ఇంట్లోకి లాగగలదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. రెండూ ఒకేసారి నడపకండి, కిటికీ తెరవకుండా అసలే నడపకండి.

వంటింట్లో గ్యాస్ వాసన వస్తే దాన్ని లాగేయడానికి చిమ్నీ ఆన్ చేయాలనిపిస్తుంది. చేయొద్దు. స్విచ్ దగ్గర వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చాక గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. కాబట్టి పైనున్న చిమ్నీ దాన్ని లాగలేదు కూడా.

మూకుట్లో నూనె అంటుకుంటే పొయ్యితో పాటు చిమ్నీ కూడా వెంటనే ఆపేయండి. నడుస్తుంటే మంటను పైకి, జిడ్డు పట్టిన పైపులోకి లాగుతుంది. మూకుడు మీద పళ్లెం మూసేయాలి. నీళ్లు పోయకూడదు.

వాడకం, కడగడం

పొయ్యి వెలిగించడానికి రెండు నిమిషాల ముందు ఆన్ చేసి, వంట అయ్యాక పది నిమిషాలు నడవనివ్వండి. అన్నం, పప్పుకి తక్కువ వేగం చాలు. పోపుకి, వేపుడికి పెంచండి. ఘాటైన వంట వెనక బర్నర్ మీద పెడితే పొగ బాగా దొరుకుతుంది. సంక్రాంతికి సకినాలు, అరిసెలు గంటల తరబడి వేయించే రోజున మధ్యలో ఒకసారి ఆపి నూనె కప్పు చూసుకోండి, అది నిండి పొంగడం మా ఇంట్లో ఆ పండక్కే జరిగింది.

బాఫిల్ ఫిల్టర్లను రెండు మూడు వారాలకొకసారి, పెద్ద టబ్బులో మరిగిన నీళ్లు, రెండు చెంచాల బట్టల సోడా, గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టండి. జిడ్డు దానంతటదే తేలుతుంది. బట్టల సోడా స్టీలుకే, అల్యూమినియం జల్లెడని నల్లబరుస్తుంది, దానికి సబ్బు చాలు. పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. ఆటోక్లీన్ పొయ్యి ఆర్పి ఉన్నప్పుడే నొక్కాలి. నూనె కప్పు వారం, పది రోజులకొకసారి తీసి పాత పేపర్లో ఒంపి చెత్తలో వేయండి. సింకులో పోస్తే పైపులో గడ్డకడుతుంది. మోటారు వైపు నీళ్లు చల్లడం గానీ, ఘాటు రసాయనాలు కొట్టడం గానీ వద్దు.

మే నెలాఖరులో, వానలు మొదలవకముందు, బయటి మూత తీయించి పైపు లోపలికి టార్చి వేసి చూడండి. పుల్లలు, ఈకలు, గడ్డకట్టిన నూనె ఉంటే అప్పుడే తీయించండి. రెక్కలను వేడి సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, చేత్తో తెరిచి వదిలితే టక్కున మూసుకుంటున్నాయో లేదో చూసి మూత మళ్లీ బిగించండి.